కొల్లేరు గట్టున ఒక సాక్ష్యం

కొల్లేరు వెళ్ళి వచ్చానని తెలిసినప్పటి నుంచి మా నంద్యాల సంఘంలో ఆడవాళ్ళందరూ పక్షుల గురించే అడుగుతున్నారు. పక్షులను చూశాను. గడ్డం కింద సంచి వేలాడేసుకుని పెద్దమనుషుల్లా కూర్చున్న గూడబాతులను చూశాను. బురదలో ఒంటికాలి మీద నిలబడిన కొంగలను చూశాను. కానీ ఇది రాస్తున్నది వాటి కోసం కాదు.

నేను వెళ్ళింది మా వియ్యపురాలు శాంతమ్మ గారి కృతజ్ఞత కూడికకు. ఆమె కుడి కంట్లో వెనకాల పొర ఊడి చూపు పోయింది. ఏలూరులో ఆపరేషన్ అయింది. చూపు వస్తే కూడిక పెట్టి, ఊరందరి ముందు సాక్ష్యం చెబుతానని ఆమె సంఘంలో నిలబడి మొక్కుబడి చేసుకున్నారు. వస్తే కాదు, వచ్చేసిందని నమ్మి ముందే తేదీ పెట్టుకోవాలన్నారు వాళ్ళ పాస్టరు గారు. తేదీ పెట్టారు. మా అమ్మాయీ అల్లుడూ ఆపరేషన్‌కే సెలవులన్నీ వాడేసుకున్నారు కాబట్టి ఈసారికి నన్ను పంపారు.

నాతో కరుణ వచ్చింది. మిషన్ హాస్టల్లో మేమిద్దరం ఒకే ట్రంకు పెట్టె మీద కూర్చుని బైబిలు వాక్యాలు కంఠస్థం చేసినవాళ్ళం. నాకంటే తనకే ఎక్కువ వచ్చేవి. ఇప్పుడు తను విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ ప్రొఫెసరు. గుడికి రావడం ఎప్పుడో మానేసింది. ఎవరి మీదా కోపంతో కాదు, ఒక ఊరు వదిలి ఇంకో ఊళ్ళో కాపురం పెట్టినట్టు మానేసింది. నేను మాత్రం తన పేరు నా ప్రార్థనలో నుంచి తీయలేదు.

"ఎస్తేరూ, నేనూ వస్తానే. నాకు సాక్ష్యం వినాల" అంది ఫోనులో.

"ఏందే, నవ్వేదానికా?"

"నవ్వేదానికైతే చార్జీలు పెట్టుకొని అంత దూరం రావాలనా? ఈడ కూర్చొని నవ్వుకోవచ్చు."

తనకు తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో ఉపన్యాసం కూడా ఉందట. అక్కడి నుంచి ఏలూరు, ఏలూరు నుంచి శాంతమ్మ గారితో కలిసి కొల్లేరు. అలా బయలుదేరాం.

తాడేపల్లిగూడెం

ఈ ఊరికి ముందు వాసన ఎదురొస్తుంది. ఉల్లిపాయల వాసన. లారీల మీద ఉల్లి, గోడౌన్ల ముందు ఉల్లి, నడిచే దారిలో ఎగురుతున్న ఉల్లిపొట్టు. మా కర్నూలు వైపు పండిన పాయ కూడా ఇక్కడికే వస్తుందని ఒక కమీషన్ కొట్టు ముందు నిలబడిన పెద్దాయన చెప్పాడు. "మీ పాయేనండీ ఇది, చూడండి" అని ఒకటి నా చేతిలో పెట్టాడు. పరాయి ఊళ్ళో బంధువును చూసినట్టు అనిపించి కొంగులో కట్టుకున్నాను. ఏలూరు చేరేసరికి చీర సగం ఆ వాసనే.

పొద్దున పెసరట్టు తిన్నాం. లోపల ఉప్మా, పైన అల్లం పచ్చడి. నలభై రూపాయలకు కడుపు నిండింది. మేం జొన్నరొట్టె తినేవాళ్ళం. అట్టులో ఉప్మా పెట్టడం అంటే అన్నంలో అన్నం కలుపుకోవడమే కదా అన్నాను. హోటలాయన నొచ్చుకోలేదు. "ఒకసారి అలవాటైతే మళ్ళీ ఒట్టి అట్టు తినలేరండీ" అని ఇంకాస్త పచ్చడి వేశాడు.

కరుణ పాఠం చెబుతుంటే వినడం నాకు అదే మొదటిసారి. వెనక బల్ల మీద కూర్చున్నాను.

"మీ పుట్టినరోజు మీకెలా తెలుసు?" అని మొదలుపెట్టింది.

ఒక కుర్రాడు లేచి, "ఆధార్ కార్డులో ఉంది మేడమ్" అన్నాడు. అందరూ నవ్వారు.

"ఆధార్ వాళ్ళకెవరు చెప్పారు?"

"మా అమ్మండి."

"మీ అమ్మ అబద్ధం చెప్పి ఉంటే?"

ఆ కుర్రాడికి నిజంగా కోపం వచ్చింది. "మా అమ్మ ఎందుకు అబద్ధమాడుద్దండీ?"

కరుణ నవ్వింది. "కూర్చో బాబూ. నేను ఇన్నేళ్ళుగా చదువుతున్నదంతా నువ్వన్న ఆ ఒక్క మాట గురించే" అంది.

తను మొదటి సంవత్సరం వాళ్ళకు తర్కం చెబుతుందట. పెద్ద తరగతుల వాళ్ళకు నీతిశాస్త్రం, జ్ఞానం ఎలా కలుగుతుందనే విచారణ చెబుతుందట. తన పరిశోధన మాత్రం ఒక్కదాని మీదే: ఇంకొకరి మాట వల్ల మనకు కలిగే తెలివిడి. కంటితో చూసి తెలుసుకునేది కొంచెమే, మనకు తెలుసనుకున్నదంతా ఎవరో చెబితే నమ్మినదే అంది. మన పాత తార్కికులు దీన్ని శబ్ద ప్రమాణం అన్నారట. ఆప్తుడి మాట ప్రమాణం. ఆప్తుడంటే మనకు కావలసినవాడని కాదు, విషయం తెలిసినవాడు, తెలిసింది తెలిసినట్టు చెప్పాలనుకునేవాడు.

"వినేవాడు తేలిగ్గా నమ్మాడా, పరీక్షించి నమ్మాడా అని అందరూ వినేవాడినే నిలదీస్తారు. నేను చెప్పేవాడి వైపు చూస్తాను. నమ్మడమంటే మన బరువు తీసుకెళ్ళి ఇంకొకరి భుజం మీద పెట్టడం. ఆ భుజానికి ఆ సంగతి తెలుసా?"

మా సంఘంలో ఎవరైనా ఈ మాట అని ఉంటే సగం మంది స్తోత్రం అనేవారు. బయటికి వచ్చాక అడిగాను, "గంటసేపు నమ్మకం గురించి మాట్లాడితివి, దేవుడి పేరు ఒక్కసారన్నా రాలేదేమే?"

"నా క్లాసు హాజరు పట్టీలో ఆయన పేరు లేదే."

"అంటే రాలేదనా?"

"పట్టీలో లేదన్నా. రాలేదని నేనెక్కడన్నా అంటినా?" అని నా కొంగు ముడిలోని ఉల్లిపాయ తీసి వాసన చూసింది.

ఉంగుటూరు మీదుగా

ఏలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఉంగుటూరు దాటేవరకూ కాలువ మాతో పాటే వచ్చింది. మా వైపు నీళ్ళు కనబడితే బస్సులో ఎవరో ఒకరు వేలు పెట్టి చూపిస్తారు. ఇక్కడ నీళ్ళను ఎవరూ చూడరు.

నా పక్కన జామకాయల బుట్టతో ఒకావిడ కూర్చుంది. "ఏవండీ, మీది ఏ ఊరండీ? పిల్లలెంతమందండీ? ఆ కళ్ళద్దాలావిడ మీకేమవుద్దండీ?" అని వరసగా అడిగింది. మా వైపు కొత్తవాళ్ళను ఇన్ని ప్రశ్నలు అడిగితే పోలీసు విచారణ అనుకుంటారు. ఇక్కడ ప్రతి ప్రశ్న చివర ఒక అండీ ఉంటుంది కాబట్టి జవాబు చెప్పకపోతే మనదే తప్పు. కరుణ ప్రొఫెసరని చెప్పాను. ఏం చెబుతుందని అడిగింది. ఎవరి మాట నమ్మాలో చెబుతుందన్నాను. ఆవిడ కరుణను ఎగాదిగా చూసి, "పెళ్ళి సంబంధాలకు బాగా పనికొచ్చే చదువండీ" అని ఇద్దరికీ చెరో జామకాయ ఇచ్చింది.

ఉంగుటూరు స్టాపులో కాళ్ళు కడుక్కుందామని కాలువ రేవులోకి దిగి ఒక చెప్పు నీళ్ళకు ఇచ్చేశాను. నీళ్ళంటే ఆశపడ్డందుకు తగిన శాస్తి అంది కరుణ. ఏలూరులో దిగినప్పుడు ఒంటి చెప్పుతో ఉన్నాను.

ఏలూరు

ఆటో నడిపే మస్తాన్ గారు నా కాళ్ళు చూసి, అడగకుండానే చెప్పుల కొట్టు ముందు ఆపాడు. వాళ్ళ నాన్న తివాచీలు నేసేవాడట. ఈయన చేతికి ఆ పని రాలేదు, హ్యాండిల్ వచ్చిందని నవ్వాడు. కంటి ఆసుపత్రి అనగానే, "ఎవరికండీ? నేను దింపిన పేషెంటు కోసం తిరిగెళ్ళేటప్పుడు ఒక దువా చేసుకుంటానండీ, పేరు చెప్తారా?" అన్నాడు. శాంతమ్మ అని చెప్పాను. పరాయి మతంవాడని నా నోరు ఆగలేదు. ప్రార్థనను వద్దనే పెద్దరికం నాకెవరిచ్చారు?

శాంతమ్మ గారు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పక్కన ఆమె భర్త ఏసుపాదం గారు. ఆమె కొల్లేరు ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే మెట్టారు. చేపల ప్యాకింగుకు వెళ్ళి ఇద్దరు పిల్లలను చదివించారు. "వందనాలండీ వదినగారూ!" అని లేచి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "బాగా కనబడుతోందండీ. దేవుడు నమ్మదగినవాడండీ" అన్నారు. నేను పైకే స్తోత్రం చెప్పాను. నా వెనక కరుణ ఉందని తెలిసి ఇంకాస్త గట్టిగా చెప్పాను.

లోపలికి ఆమెతో మేమిద్దరం వెళ్ళాం. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. లైటు వేసి కంట్లోకి చాలాసేపు చూసింది. ఆ తరువాత ఎడమ కన్ను మూయించి, కుడి కంటికి ఎదురుగా కూర్చుంది.

"ఎన్ని వేళ్ళు కనబడుతున్నాయమ్మా?"

"మూడండి."

డాక్టరమ్మ చెయ్యి తన ఒళ్ళోనే ఉంది.

"ఇప్పుడండీ?"

"రెండండి."

ఈసారీ ఆ చెయ్యి కదల్లేదు. నేను కరుణ వైపు చూడలేకపోయాను.

"అమ్మా, నేను వేళ్ళు ఎత్తలేదండి" అంది డాక్టరమ్మ, చాలా నెమ్మదిగా.

శాంతమ్మ గారు ఎడమ కంటి మీద చెయ్యి తీయకుండా అలాగే కూర్చున్నారు.

"మా వాళ్ళు ఫోను చేసినప్పుడు కూడా బాగా కనబడుతోందన్నారంట కదండీ. అందుకే వెంటనే రమ్మనలేదు. పొర మళ్ళీ ఊడిందండి. అది ఊడేటప్పుడు నల్లటి తెర దిగినట్టు ఉంటదమ్మా. మీకు తెలియలేదా?"

"తెలిసిందండి."

"మరి?"

"లేదు అని నోటితో అనకూడదండి. అంటే లేకుండానే పోద్ది అని మా కూడికల్లో చెప్తారండి. కనబడుతోందని అంటూ ఉంటే ఆయనే కనబడేలా చేస్తాడని అన్నానండి. అబద్ధం అనుకోలేదండీ, నమ్మకం అనుకున్నాను."

ఈ బోధ మా సంఘంలోనూ ఉంది. జ్వరంతో వణుకుతూ బాగున్నానని చెప్పేవాళ్ళను నేను చాలామందిని ఎరుగుదును. దాన్ని విశ్వాసం అనుకునేవాళ్ళం.

డాక్టరమ్మ కోప్పడలేదు. "మీ కంట్లోకి నేను చూడగలనమ్మా. మీకేం కనబడుతోందో మాత్రం మీరు చెబితేనే నాకు తెలుస్తది. నేను మీ మాట మీదే కదండీ నడిచేది" అంది. ఆ కన్ను ఇక రాదని చెప్పింది. ఎడమ కన్ను బాగుందని, దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలని చుక్కల మందు రాసింది.

ఆటో ఎక్కాక ఏసుపాదం గారు ముందు సీట్లో తల వంచుకుని కూర్చున్నారు. ఊరు దాటి చేపల చెరువులు మొదలయ్యాయి. అప్పుడు శాంతమ్మ గారు నా వైపు తిరిగారు.

"వదినగారండీ, రేపే కూడిక. మైకు ముందు నిలబడి ఏమని చెప్పనండీ?"

కొల్లేరు ఊరు

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు మీద, లోపలికి తిరిగే మలుపులో మాకు మొదట కనబడింది ఫ్లెక్సీ. ఉదయించే సూర్యుడు, తెల్ల పావురం, మధ్యలో శాంతమ్మ గారు. "నాకు చూపు దయచేసిన దేవునికి కృతజ్ఞత కూడిక. అందరూ ఆహ్వానితులే." పాస్టరు గారు విశ్వాసంతో ముందే వేయించారు.

ఆటో ఆపించి, ఎడమ కన్ను దగ్గరగా పెట్టి చూసుకున్నారు శాంతమ్మ గారు. "నన్ను ఇంత తెల్లగా చేశారేంటండీ" అన్నారు. ఏసుపాదం గారికి నవ్వు వచ్చింది, వెంటనే కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ ఊరు గట్ల మీద ఉంటుంది. ఎటు చూసినా చెరువులే, చెరువుల అవతల కిక్కిస గడ్డి, గుర్రపుడెక్క, ఆ పైన సరస్సు. ఇంటి ముందు నీళ్ళు, ఇంటి వెనక నీళ్ళు. తాగే నీళ్ళు మాత్రం టిన్నుల్లో కొంటారు. మేం నీళ్ళు లేక కొనుక్కుంటాం. వీళ్ళు నీళ్ళ మధ్య కూర్చుని కొనుక్కుంటారు. గోదావరి వాళ్ళు అదృష్టవంతులని మా వైపు అనుకుంటూ ఉంటాం. ఇక ముందు ఆ మాట అనను.

మధ్యాహ్నం కొర్రమీను పులుసు పెట్టారు. కిలో కొర్రమీను మా ఊళ్ళో వేటమాంసం ధరకు దగ్గరగా ఉందని విని ముద్ద ఆగింది గానీ, రుచి చూశాక ఆగలేదు. రెండో కూరలో చిన్న చేపలు. ముల్లు గొంతులో గుచ్చుకుని నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "అరటిపండు మింగండి! ఒట్టి అన్నం ముద్ద మింగండి!" అని ఇల్లంతా లేచింది. ఆ గొడవలో కాసేపు శాంతమ్మ గారు కూడా నవ్వారు.

పాస్టరు గారిని అక్కడ అయ్యగారు అంటారు. ఇంకా పాతికేళ్ళు దాటని మనిషి. ముదినేపల్లి నుంచి తబలా, కీబోర్డు వాళ్ళు వస్తున్నారని, కుర్చీలు సరిపోవేమోనని సంతోషంగా హడావుడి పడుతున్నాడు. "మన ఊళ్ళో బయటివాళ్ళు ఇంతమంది కూడికకు రావడం మొదటిసారి అమ్మగారూ!" అన్నాడు. శాంతమ్మ గారు భర్త వైపు చూశారు. ఆయన టెంటు తాళ్ళ వైపు చూశారు.

అప్పుడు వచ్చింది వరలక్ష్మి. చేపల ప్యాకింగులో శాంతమ్మ గారి పక్కన నిలబడి పని చేసే మనిషి. మా మతం కాదు. గడపలో నుంచే మొదలుపెట్టింది.

"శాంతక్కా, వచ్చేసిందంట కదా! నేను చెప్పలా, నువ్వు మొండిదానివి, మీ దేవుడు నీ పోరు పడలేక ఇచ్చేస్తాడని?"

"కూర్చో వరాలూ."

"కూర్చోడానికి రాలేదు. నాకూ చక్కెర కళ్ళలోకి దిగిందన్నారు కదా, ఏలూరెళ్ళి సూదులు వేయించుకోమని చీటీ రాశారు. కంట్లో సూదంటే నాకు వణుకు. నీకు ఇచ్చినోడు నాకివ్వడా? ఆ చీటీ చింపి పారేశాను. రేపు ముందు వరసలో కూర్చుంటా. నువ్వు మైకులో ఒక్క మాట చెప్పు, నేనూ మీ గుడికొచ్చేస్తా."

కరుణ చేతిలో టీ గ్లాసు ఉంది. తాగడం మానేసి దాన్ని నెమ్మదిగా అరుగు మీద పెట్టింది.

గట్టు మీద

సాయంత్రం మేం ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. ఒకాయన తాటి దోనెలో నిలబడి గడతో తోసుకుంటూ ఇంటికి పోతున్నాడు. పక్షులు కిక్కిసలోకి దిగుతున్నాయి.

"మేడమ్ గారండీ, మీరు పెద్ద చదువులు చదువుకున్నోరు. మీరు చెప్పండి" అన్నారు శాంతమ్మ గారు.

"నేను చెబితే అది నా మాట అవుతుంది శాంతమ్మగారూ. రేపు మైకు మీ చేతిలో ఉంటుంది. ఒక్కటి అడుగుతాను. మీరు చెప్పేదాని మీద రేపు ఎవరెవరు బరువు పెడతారు?"

ఆమె వేళ్ళు మడిచారు. "అయ్యగారండి. కొత్తగా వచ్చారు, కుర్రోడు, ఊళ్ళో తల ఎత్తుకోవాలండి. మా ఆయనండి. దేవుడి పేరండి. నలుగురూ నవ్వితే నన్ను కాదు, ఆయన్ని నవ్వుతారండి." ఇంకో వేలు మడిచారు. "వరలక్ష్మండి."

నేను మధ్యే మార్గం వెదికాను. కరుణ ముందు నా సంఘం తల వంచుకోకూడదని నాకూ ఉంది. "దేవుడు గొప్పవాడని చెప్పి, ఒక పాట పాడి కూర్చోండి వదినా. కంటి మాట ఎత్తకండి" అన్నాను.

"ఫ్లెక్సీ ఎత్తేసిందిగా వదినగారూ."

నేను ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని. మాట దొరకనప్పుడు వాక్యంలో వెదుక్కోవడం ఒక్కటే నాకు తెలిసిన పద్ధతి. గుడ్డివాళ్ళ కథలన్నీ ఒక్కొక్కటిగా తలచుకున్నాను. చిన్నప్పుడు ట్రంకు పెట్టె మీద కూర్చుని కరుణతో పోటీపడి నేర్చుకున్న ఒక కథ దగ్గర ఆగాను.

"వదినా, ప్రభువు ఒక గుడ్డివాడిని ఊరి బయటికి తీసుకుపోయి కళ్ళ మీద చెయ్యి పెట్టినాడు, గుర్తుందా? పెట్టి, ఏమన్నా కనబడుతోందా అని అడిగినాడు."

"అడిగాడండి."

"అడిగినవాడు సాక్షాత్తూ ఆయన. ఆ గుడ్డివాడు, బాగా కనబడుతోంది స్వామీ అని అన్నాడా? అనలేదు. మనుషులు నడిచే చెట్ల మాదిరి కనబడతా ఉన్నారన్నాడు. సగమే వచ్చిందని చెప్పినాడు. అప్పుడే గదా ఆయన రెండోసారి చెయ్యి పెట్టింది."

"ఆయన మొహం మీదే చెప్పాడాండీ?"

"మొహం మీదే. ఆయనేం కోపం చేసుకోలేదు. నమ్మకం లేనివాడా అని తిట్టలేదు."

కరుణ నా వైపు తిరిగి, "ఆ కథ మర్చిపోయినానే" అంది. తన గొంతులో ఎగతాళి లేదు. "మనం నేర్చుకొనేటప్పుడు వార్డెనమ్మ ఈ సగం వచ్చిన సంగతి దాటేసేది కదా. చివరకు బాగైపోయినాడు అని చెప్పి మూసేసేది."

మైకు ముందు

టెంటు నిండింది. ఆడవాళ్ళు పట్టాల మీద ఒక వైపు, మగవాళ్ళు కుర్చీల్లో ఒక వైపు. మా వైపు అందరం కిందే కూర్చుంటాం. ఇక్కడ మగవాళ్ళ మోకాళ్ళు మెత్తన అని కరుణ చెవిలో అన్నాను. ముందు వరసలో వరలక్ష్మి, తలలో కనకాంబరాలు పెట్టుకుని కూర్చుంది. కరుణ సాక్ష్యాన్ని ఫోనులో రికార్డు చేసుకుంటానని ముందే అడిగి ఉంది. పాటలు అయిపోయి అయ్యగారు శాంతమ్మ గారిని పిలిచినప్పుడు, తను ఫోను సంచిలో పెట్టేసి జిప్పు లాగింది.

శాంతమ్మ గారు మైకు రెండు చేతులతో పట్టుకున్నారు. ఆమె తల వెనకాలే ఇంకో ఫ్లెక్సీ, అదే తెల్లటి మొహం.

"అందరికీ వందనాలండి. నా వెనకాల రాసింది నిజం కాదండి."

తబలా ఆయన చెయ్యి తబలా మీదే ఆగిపోయింది.

"నా కుడి కన్ను రాలేదండి. చీకటేనండి. అయ్యగారి తప్పు లేదండి, వచ్చిందని ఆయనతో నేనే చెప్పాను. ఆసుపత్రోళ్ళు ఫోను చేస్తే వాళ్ళతోనూ చెప్పాను. నల్లటి తెర దిగుతుంటే లేదు లేదు అనుకున్నాను. డాక్టరమ్మ ఎత్తని వేళ్ళు కూడా లెక్కపెట్టి చెప్పానండి. నా మాట నమ్మి ఆ అమ్మాయి ఊరుకుంది. నేను లేదని చెప్పుంటే ఏమయ్యేదో నాకు తెలీదండి."

ఎవరో ఇస్సిస్సీ అన్నారు. వెనక కుర్చీల్లో ఒక నవ్వు వినిపించింది. ఆమె ఆగలేదు.

"మొక్కుబడి చేసుకున్నాను కాబట్టి స్తోత్రం చెప్పడానికి నిలబడ్డానండి. ఒక కన్ను ఉంది. దానికి చెప్తున్నాను. నాకు ప్రార్థన మీద నమ్మకం పోలేదండి. నేనే ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను, సగమే కనబడుతోంది ప్రభువా." ముందు వరస వైపు చూశారు. "ఒసే వరాలూ, నువ్వు రేపు ఏలూరెళ్ళి ఆ సూది వేయించుకో. నేనూ వస్తా."

వరలక్ష్మి అక్కడికక్కడే లేచి నిలబడింది. "చీటీ చింపేశానే అక్కా! ముందే చెప్పి చావొచ్చుగా!"

"చీటీ లేకపోతేనేం, కళ్ళున్నాయిగా. అవి తీసుకురా!"

టెంటులో నవ్వు లేచింది. ఇందాకటి నవ్వు లాంటిది కాదు.

అయ్యగారు మైకు అందుకున్నాడు. ఆ కుర్రవాడి చెవులు ఎర్రబడ్డాయి. నేను కళ్ళు మూసుకుని ఆయన కోసం ప్రార్థించాను. ఆ నిమిషంలో ఆయన కంటే ప్రార్థన అవసరమైనవాళ్ళు నాకెవరూ కనబడలేదు.

"ఫ్లెక్సీ నేను తొందరపడి వేయించాను" అన్నాడు చివరికి. "అమ్మగారు సగమే కనబడుతోందన్నారు. అలా అన్నవాడి మీద ప్రభువు రెండోసారి చెయ్యి పెట్టాడు. మనమూ పెడదాం. రండి."

మైకు కింద పెట్టి, వేదిక దిగి వచ్చి ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆడవాళ్ళందరం లేచాం. అందని వాళ్ళు ముందున్నవాళ్ళ భుజం మీద చేతులు వేశారు. నా భుజం మీద ఒక చెయ్యి పడింది. అది కరుణదని చూడకుండానే తెలిసింది. ఏం ప్రార్థించిందో, అసలు ప్రార్థించిందో లేదో నేను అడగలేదు. చెయ్యి మాత్రం ఆమేన్ అనేవరకూ తీయలేదు.

ప్రేమ విందులో పులిహోర, కోడి కూర. నవ్వినవాళ్ళూ తిన్నారు. ఏసుపాదం గారు వడ్డిస్తూ వడ్డిస్తూ నా దగ్గర ఆగి, "మా ఆవిడ మైకులో అంతసేపు మాట్లాడుద్దని నాకు తెలీదండీ చెల్లెమ్మా" అని ఇంకో ముక్క వేశారు.

తిరుగు బస్సు

మర్నాడు కైకలూరు నుంచి వచ్చే బస్సులో నలుగురం ఏలూరు బయలుదేరాం. మలుపు దగ్గర ఫ్లెక్సీ లేదు. రెండు వెదురు గడలు మాత్రం నిలబడి ఉన్నాయి, వాటి మీద ఒక కొంగ.

కరుణ నా పక్కన కూర్చుంది. "ఆమె కంటి కోసం ఇంకా ప్రార్థన చేస్తావా?" అని అడిగింది.

"చేస్తా."

"డాక్టరు రాదని చెప్పినాక కూడా?"

"చేస్తానే. డాక్టరు చెప్పింది నమ్ముతా, ప్రార్థనా చేస్తా. నీ కోసం చేయడం లేదా?"

తను కిటికీ వైపు తిరిగింది. "నువ్వు చేస్తావని నమ్ముతా" అంది. అంతవరకే అంది. నేను దాన్ని ఎక్కువ చేసి ఎవరికీ చెప్పను. తను ఎంత అందో అంతే ఇక్కడ రాశాను.

మా ముందు సీట్లో శాంతమ్మ గారు, వరలక్ష్మి. వరలక్ష్మికి చదువు రాదు. ఆసుపత్రిలో అక్షరాలు చదవమంటారేమోనని పొద్దుటి నుంచి బెంగ పెట్టుకుంది.

"చదువు రానోళ్ళకు అక్షరాలు పెట్టరే. మూడు పళ్ళ దువ్వెన లాంటి గుర్తు ఉంటది. పళ్ళు ఎటుంటే అటు వేలు చూపించాలి, అంతే" అని శాంతమ్మ గారు తన సంచిలోంచి దువ్వెన తీశారు. వరలక్ష్మి కన్నొకటి తన పైట చెంగుతో మూశారు. దువ్వెన చెయ్యి చాపినంత దూరంలో పట్టుకున్నారు.

"ఎటున్నాయి పళ్ళు?"

"పైకి."

"ఇప్పుడు?"

"ఇటు."

రెండో కన్ను మూశారు. దువ్వెన తిప్పారు. బస్సు గతుకుల్లో ఊగుతోంది. వరలక్ష్మి మెడ చాచింది, కనుబొమలు ముడిచింది, వేలు సగం ఎత్తింది, దించింది.

"ఎటే?"

"తెలీట్లేదక్కా" అంది వరలక్ష్మి చిన్న గొంతుతో.

"బాగా చెప్పావ్" అన్నారు శాంతమ్మ గారు. "అక్కడా ఇలాగే చెప్పు."